రక్తపు సాక్ష్యం: కామెర్ల వెనుక దాగిన కారణాన్ని వెతికే యాంటీబాడీ పరీక్షలు

బస్తరు ప్రాంతంలో వర్షాలు మొదలైన నాటి నుండి మన కాలనీలలో తరచుగా వినవచ్చే మాట ‘కామెర్లు’. కిరండూల్‌లోనైనా, బచేలిలోనైనా, జగదల్‌పూర్‌లోనైనా ఎవరి కళ్ళు పచ్చబడినా చుట్టుపక్కల వారు చెప్పే కారణాలు నాలుగైదే. తాగే నీరు మంచిది కాదని ఒకరంటారు, మలేరియా ముదిరిందని మరొకరంటారు, మద్యపాన ఫలితమని ఇంకొకరు తీర్పు చెబుతారు. ఇవన్నీ నిజమైన కారణాలే. ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవి కూడా ఇవే. అయితే వీటిలో దేనికీ చెందని కామెర్లు కూడా ఉన్నవి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారితప్పి కాలేయంపై దాడి చేయడం వలన వచ్చే జబ్బులవి. వీటిని వైద్యులు ఆటో ఇమ్యూన్ కాలేయ వ్యాధులు అంటారు. ఇవి అరుదైనవే. కాని సకాలంలో గుర్తిస్తే మందులకు చక్కగా లొంగుతాయి, గుర్తించకపోతే కొన్ని ఏళ్ళలో కాలేయాన్ని గట్టిపరచి ప్రాణం మీదకు తెస్తాయి. గుర్తించడానికి తోడ్పడే ముఖ్యమైన సాధనం ఒక రక్త పరీక్ష.

ఈ వ్యాసం రాస్తున్న మేము వైద్యులము కాము. గనుల యంత్రాల మధ్య ఉద్యోగ జీవితం గడుపుతున్న ఇంజనీరులము. కాబట్టి చికిత్స చెప్పడం మా ఉద్దేశం కాదు. ఈ పరీక్ష ఏమిటి, ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అన్న విషయాలను ఉద్యోగ సోదరులకు, వారి కుటుంబ సభ్యులకు తేటగా వివరించడమే మా ప్రయత్నం. చేతికి వచ్చిన రిపోర్టు చూసి అనవసరంగా భయపడేవారూ, అంతకంటే ప్రమాదకరంగా నిర్లక్ష్యం చేసేవారూ మనలో ఉన్నారు.

కామెర్లు జబ్బు కాదు, జబ్బు గుర్తు

పాత ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం తయారవుతుంది. కాలేయం దానిని రక్తం నుండి తీసి పైత్యరసంతో పాటు పేగులలోకి పంపుతుంది. ఈ పని ఎక్కడ కుంటుపడినా ఆ పదార్థం రక్తంలో పేరుకొని కళ్ళు పచ్చబడతాయి. అందువలన కామెర్లు అన్న మాట ‘యంత్రం ఆగింది’ అన్నట్టిది. ఎందుకు ఆగిందో ఆ మాట చెప్పదు.

బస్తరులో ఈ ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబులు ఎక్కువ. వానాకాలంలో కలుషితమైన నీటి ద్వారా హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు వ్యాపిస్తాయి. ఫాల్సిపారమ్ మలేరియా తీవ్రమైతే కామెర్లు వస్తాయి. ఈ మలేరియాను అదుపు చేయడానికే 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలై, జ్వరం లేనివారికి కూడా ఇంటింటా రక్త పరీక్షలు చేయడం జరిగింది. గిరిజన కుటుంబాలలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధిలో రక్తకణాలు త్వరగా విచ్ఛిన్నం కావడం వలన కళ్ళు తరచు పచ్చబడుతుంటాయి. ఆ వ్యాధి నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. ఇక హెపటైటిస్ బి, సి వైరస్‌లు, క్షయ మందుల దుష్ఫలితం, మద్యం ఉండనే ఉన్నవి. ఇప్పసారా, సల్ఫీ, అనగా మన జీలుగు కల్లు, ఈ ప్రాంతపు జీవనంలో భాగం. అందుచేత కాలేయ వ్యాధి అనగానే తాగుడు గుర్తుకు రావడం సహజమే.

చిక్కు ఇక్కడే ఉన్నది. తరచుగా కనిపించే కారణాలు ఎక్కువైన చోట అరుదైన కారణం వాటి చాటున దాగిపోతుంది. జీవితంలో ఒక్క చుక్క మద్యం ముట్టని ఇల్లాలికి కామెర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నప్పుడు ‘ఈ ఊరి నీళ్ళే అంత’ అని సరిపెట్టుకుంటే ఆ చాటున ఉన్న జబ్బు పెరుగుతూనే ఉంటుంది.

కాపలాదారుడే ఎదురు తిరిగితే

శరీరంలోకి బయటి క్రిమి ప్రవేశించినప్పుడు దానిని పట్టుకోవడానికి రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. వీటినే వాడుకలో యాంటీబాడీలు అంటున్నాము. ఒక్కొక్క ప్రతిరక్షకం ఒక్కొక్క పదార్థానికే అతుక్కుంటుంది, తాళానికి తగిన తాళంచెవి వలె. తన శరీరపు పదార్థాలను వదిలిపెట్టి పరాయి వాటినే పట్టుకోవడం ఈ వ్యవస్థ ధర్మం. కొందరిలో ఈ విచక్షణ దెబ్బతిని తమ కణాలకే అతుక్కునే ప్రతిరక్షకాలు తయారవుతాయి, రక్షణ కణాలు సొంత అవయవాల మీదకు మళ్ళుతాయి.

కాలేయానికి సంబంధించి ఇటువంటి జబ్బులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఆటో ఇమ్యూన్ హెపటైటిస్. ఇందులో కాలేయ కణాలే దాడికి గురి అవుతాయి. ఏ వయసులోనైనా రావచ్చును గాని పురుషులలో కంటే స్త్రీలలో చాలా ఎక్కువ. చిన్న పిల్లలలో వచ్చే రకం ఒకటి వేరుగా ఉన్నది. రెండవది ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్. ఇందులో కాలేయంలోని సన్నని పైత్యరస నాళాలు దెబ్బతింటాయి. నలభై దాటిన స్త్రీలలో అధికం. కామెర్ల కంటే ముందు ఒళ్ళంతా విడవని దురద, తీరని అలసట కనిపిస్తాయి. దురదకు చర్మ లేపనాలు రాసుకుంటూ సంవత్సరాలు గడిపేవారూ ఉంటారు.

ఆటో ఇమ్యూన్ హెపటైటిస్‌కు ఉన్న ఒక గుణం మనలను ఎక్కువగా మోసగిస్తుంది. అది కొంతకాలం హెచ్చి, మరి కొంతకాలం తనంతట తానే తగ్గుతుంది. నీటి ద్వారా వచ్చే కామెర్లు కూడా సాధారణంగా కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. మన జిల్లాలలో పసరు తాగించడం, చేతి మీద వాత పెట్టడం, ఇక్కడి పల్లెలలో సిరహా, గునియా వద్దకు వెళ్ళడం వెనుక ఉన్న నమ్మకానికి ఇదొక కారణమని మా అభిప్రాయం. తగ్గవలసిన జబ్బు తగ్గింది, పేరు పసరుకు వచ్చింది. నీటి కామెర్ల విషయంలో దీని వలన అంత నష్టం లేకపోవచ్చు. కాని తగ్గినట్టే కనిపించి లోపల కొనసాగే జబ్బు విషయంలో ఆ నమ్మకం విలువైన సంవత్సరాలను హరిస్తుంది. గుర్తించే నాటికే సుమారు మూడవ వంతు రోగులలో కాలేయం గట్టిపడి, సిర్రోసిస్ దశకు చేరి ఉంటుంది.

పరీక్ష పుట్టుక

ఈ పరీక్షల చరిత్ర ఎనభై ఏళ్ళకు పైబడినది. 1941లో అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన ఆల్బర్ట్ కూన్స్ ప్రతిరక్షకానికి మెరిసే రంగును అతికించి, అది ఎక్కడ అతుక్కున్నదో సూక్ష్మదర్శినిలో చూడవచ్చునని నిరూపించారు. 1948లో మేయో క్లినిక్ వైద్యులు హార్‌గ్రేవ్స్ బృందం లూపస్ అనే వ్యాధిలో ఒక విచిత్రమైన రక్తకణాన్ని గుర్తించింది. తన కణాల కేంద్రకాలపైనే ప్రతిరక్షకాలు తయారవుతాయన్న ఎరుకకు అది దారి తీసింది. 1950లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ యువతులలో ఏళ్ళ తరబడి సాగే ఒక కాలేయ వ్యాధిని వర్ణించారు. వారి రక్తంలో గామా గ్లోబ్యులిన్లు చాలా ఎక్కువగా ఉన్నాయని గమనించారు. 1956లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇయాన్ మెకే బృందం ఇటువంటి రోగులలో కొందరి రక్తంలో ఆ లూపస్ కణాలే కనిపిస్తున్నాయని ప్రకటించింది.

1965వ సంవత్సరం ఈ రంగంలో ముఖ్యమైనది. ఆ ఏడాది లండన్‌లో డెబోరా డోనియాక్, షీలా షెర్లాక్ ప్రభృతులు పైత్యనాళ వ్యాధిగ్రస్తులలో మైటోకాండ్రియాలపై పనిచేసే ప్రతిరక్షకాలను కనుగొన్నారు. అదే సంవత్సరం నునుపు కండరాలపై పనిచేసే ప్రతిరక్షకాలు కూడా వెలుగు చూశాయి. 1973లో మారియో రిజెటో, డోనియాక్‌లు కాలేయం, మూత్రపిండం రెండింటికీ అతుక్కునే మరొక రకాన్ని వర్ణించారు. నేడు మన చేతికి వచ్చే రిపోర్టులోని ఏ.ఎన్.ఏ., ఎస్.ఎం.ఏ., ఏ.ఎం.ఏ., ఎల్.కె.ఎం. అనే పొడి అక్షరాల వెనుక ఉన్న కథ ఇది.

ల్యాబరేటరీలో జరిగేది

రోగి నుండి తీసుకునేది మూడు నుండి ఐదు మిల్లీలీటర్ల రక్తమే. పరగడుపున ఉండనవసరం లేదు. రక్తం గడ్డకట్టిన తరువాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైకి తేలిన తేటను, అనగా సీరమ్‌ను వేరుచేస్తారు. ఎలుక కాలేయం, మూత్రపిండం, జీర్ణాశయాల నుండి కోసిన అతి పలుచని పొరలను ఒక గాజు పలకపై అమర్చి ఉంచుతారు. పలుచన చేసిన సీరమ్‌ను వాటిపై వేసి అరగంట వరకు ఉంచుతారు. రోగి రక్తంలో ఆ కణజాలాలకు అతుక్కునే ప్రతిరక్షకాలు ఉంటే అవి అక్కడ నిలుస్తాయి, మిగిలినవి కడిగితే పోతాయి. ఆ తరువాత మనిషి ప్రతిరక్షకాలకు అతుక్కునే రంగు పదార్థాన్ని వేసి మళ్ళీ కడుగుతారు. చీకటి గదిలో ప్రత్యేక సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు ప్రతిరక్షకాలు నిలిచిన చోట ఆకుపచ్చని వెలుగు కనిపిస్తుంది.

వెలుగు ఎక్కడ కనిపించినదన్నదే ముఖ్యం. కణాల కేంద్రకాలు మెరిస్తే ఏ.ఎన్.ఏ. అంటారు. జీర్ణాశయపు గోడలోని కండరము, రక్తనాళాల గోడలు మెరిస్తే ఎస్.ఎం.ఏ. ఈ రెండూ పెద్దలలో సాధారణంగా వచ్చే ఆటో ఇమ్యూన్ హెపటైటిస్‌కు గుర్తులు. కాలేయ కణాలు, మూత్రపిండంలోని కొన్ని నాళికలు మెరిస్తే ఎల్.కె.ఎం. ఇది ఎక్కువగా పిల్లలలో వచ్చే రకానికి గుర్తు. మైటోకాండ్రియాలు ఎక్కువగా ఉండే మూత్రపిండ నాళికలు, జీర్ణాశయ కణాలు మెరిస్తే ఏ.ఎం.ఏ. ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ రోగులలో నూటికి తొంభై మందికి పైగా ఇది కనిపిస్తుంది. చివరి రెండింటిలోనూ మూత్రపిండ నాళికలే మెరుస్తాయి కనుక అనుభవం లేని కన్ను ఒకదానిని మరొకటిగా భ్రమపడే అవకాశం ఉన్నది. జీర్ణాశయపు పొరను కూడా పక్కన పెట్టి చూడడంలోని ఉద్దేశం ఈ భ్రమను నివారించడమే. ఇప్పుడు ఎలైసా, బ్లాట్ పద్ధతులలో కూడా ఈ పరీక్షలు జరుగుతున్నవి. ఎస్.ఎల్.ఏ. అనే మరొక ప్రతిరక్షకాన్ని ఆ పద్ధతులలోనే గుర్తించవలసి ఉంటుంది.

1:40 అనగా ఏమి?

రిపోర్టులో 1:40, 1:80, 1:320 వంటి అంకెలు కనిపిస్తాయి. వీటిని టైటర్ అంటారు. ఇంట్లోని ఉదాహరణతో చెప్పుకుందాము. చింతపండు పులుసులో నీళ్ళు కలుపుతూ పోతే ఎక్కడో ఒకచోట పులుపు తెలియకుండా పోతుంది. పులుసు ఎంత చిక్కనిదైతే అంత ఎక్కువ నీటిని తట్టుకుంటుంది. అలాగే సీరమ్‌ను నలభై రెట్లు, ఎనభై రెట్లు, నూట అరవై రెట్లు పలుచన చేస్తూ, వెలుగు ఎక్కడి వరకు కనిపిస్తున్నదో చూస్తారు. కుడివైపు అంకె పెరిగినకొద్దీ ప్రతిరక్షకాల బలం ఎక్కువ అని అర్థం.

మరి 1:40 వద్ద పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా? కాదు. మానవ కణాలను పెంచి చేసే ఏ.ఎన్.ఏ. పరీక్షపై 1997లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం గమనింపదగినది. అందులో ఆరోగ్యవంతులలో సైతం 1:40 వద్ద సుమారు 32 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. 1:80 వద్ద 13 శాతానికి, 1:160 వద్ద 5 శాతానికి తగ్గింది. అనగా ఏ జబ్బూ లేని ముగ్గురిని పరీక్షిస్తే ఒకరికి తక్కువ టైటర్‌లో పాజిటివ్ రావచ్చును. వయసు పైబడినవారిలో, ఇతర ఆటో ఇమ్యూన్ వ్యాధులు ఉన్నవారిలో, హెపటైటిస్ సి రోగులలో కూడా ఈ ప్రతిరక్షకాలు కనిపిస్తాయి.

బస్తరు వాసులకు వర్తించే విషయం మరొకటి ఉన్నది. మలేరియా పదే పదే సోకిన వారిలో రక్షణ వ్యవస్థ అంతా ఉత్తేజితమై గ్లోబ్యులిన్లు పెరుగుతాయి, కాలేయ వ్యాధి లేకుండానే ఇటువంటి ప్రతిరక్షకాలు కనిపించవచ్చును. కాబట్టి ఇక్కడి రోగి రిపోర్టును చదివే వైద్యునికి ఆ రోగి మలేరియా చరిత్ర కూడా తెలియాలి. దూర నగరంలోని ల్యాబరేటరీకి ఆ సంగతి తెలియదు. చెప్పవలసినది మనమే.

అలారం మోగితే చేయవలసినది

మన ప్లాంటులో కన్వేయర్ డ్రైవ్ బేరింగు వేడెక్కినదని అలారం మోగినదనుకుందాము. ఆ అలారాన్ని నిర్లక్ష్యం చేసే ఇంజనీరు ఉండడు. అయితే అలారం మోగినంత మాత్రాన బేరింగు విప్పి పారవేసేవాడు కూడా ఉండడు. గ్రీజు చూస్తాడు, అలైన్‌మెంటు చూస్తాడు, చేత్తో తాకి చూస్తాడు, అన్నీ ఒకే మాట చెప్పినప్పుడు నిర్ణయానికి వస్తాడు. యాంటీబాడీ పరీక్ష కూడా ఇటువంటి అలారమే.

వైద్యులు పాటించే పద్ధతి కూడా ఇదే. 2008లో అంతర్జాతీయ నిపుణులు ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ నిర్ధారణకు ఒక సులభమైన మార్కుల విధానాన్ని రూపొందించారు. అందులో నాలుగు అంశాలు ఉన్నవి. ప్రతిరక్షకాలు ఉండడం, రక్తంలో ఐ.జి.జి. అనే గ్లోబ్యులిన్ పెరగడం, కాలేయం నుండి సూదితో తీసిన చిన్న ముక్కను చూసే బయాప్సీ ఫలితం, వైరల్ హెపటైటిస్ లేకపోవడం. ఒక్కొక్క అంశానికి గరిష్ఠంగా రెండు మార్కులు. మొత్తం ఆరు వస్తే జబ్బు ఉండవచ్చునని, ఏడు లేదా అంతకు మించితే నిశ్చయమని భావిస్తారు. ప్రతిరక్షకాలకు పూర్తి మార్కులు వచ్చినా అవి రెండే! మిగిలినవి ఇతర సాక్ష్యాల నుండి రావలసినదే. పరీక్ష నెగెటివ్ వచ్చిన వారిలో కొద్దిమందికి జబ్బు ఉండే అవకాశం కూడా ఉన్నది కనుక, నెగెటివ్ చూసి అనుమానాన్ని పూర్తిగా వదలివేయరు.

మామూలు రిపోర్టులో కనిపించే జాడ

ఒక ఉదాహరణ ఊహించుకుందాము. కాలనీలో ముప్పై ఎనిమిదేళ్ళ ఒక గృహిణి. ఏడాదిగా నీరసం, కీళ్ళ నొప్పులు. వానాకాలంలో కళ్ళు పచ్చబడ్డాయి. మలేరియా లేదు. హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగెటివ్. పథ్యం చేశారు, రెండు నెలలలో తగ్గింది. ఆరు నెలల తరువాత మళ్ళీ వచ్చింది. ఆమె లివర్ ఫంక్షన్ పరీక్షలో మొత్తం ప్రొటీన్ 9 గ్రాములు, ఆల్బుమిన్ 3.2 గ్రాములు అని ఉన్నది. బిలిరుబిన్ తగ్గినదా లేదా అన్న ఆదుర్దాలో అందరి దృష్టీ మొదటి పంక్తి మీదనే ఉంటుంది. కింది పంక్తులలో ఒక చిన్న తీసివేత చేస్తే గ్లోబ్యులిన్ 5.8 గ్రాములని తేలుతుంది. మామూలుగా అది సుమారు 2 నుండి 3.5 గ్రాముల మధ్య ఉండాలి.

1950లో వాల్డెన్‌స్ట్రోమ్ గమనించినది ఈ పెరుగుదలనే. దీనికి పెద్ద ల్యాబరేటరీ అవసరం లేదు, ఏ చిన్న ఆస్పత్రి రిపోర్టులోనైనా ఉంటుంది. గ్లోబ్యులిన్ పెరగడానికి దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్లు వంటి ఇతర కారణాలు కూడా ఉన్నవి కనుక అది జబ్బును నిర్ధారించదు. కాని ‘యాంటీబాడీ పరీక్ష అవసరమా డాక్టరు గారూ?’ అని వినయంగా అడగడానికి అది తగిన కారణమే.

దూరం అడ్డంకి కాదు

‘ఇవన్నీ పెద్ద నగరాల సంగతులు, ఈ అడవి ప్రాంతంలో మనకెక్కడ సాధ్యం?’ అని కొందరు నిరుత్సాహపడవచ్చును. ఈ పరీక్షకు సంబంధించినంత వరకు ఆ నిరుత్సాహం అనవసరం. ప్రతిరక్షకాలు గట్టి పదార్థాలు. వేరుచేసిన సీరమ్‌ను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచితే కొన్ని రోజుల పాటు పాడవకుండా ఉంటాయి. కిరండూల్ నుండి కొత్తవలస వరకు రైలు మార్గం సుమారు 450 కిలోమీటర్లు. ఇనుప ఖనిజం ఆ దారిన విశాఖపట్నం చేరుతున్నది. ఐసు పెట్టెలో చిన్న గాజు సీసా విశాఖపట్నానికో, రాయపూర్‌కో, హైదరాబాదుకో చేరడం అంతకంటే కష్టం కాదు. మొదటి మెట్టులో రోగి ప్రయాణించనవసరం లేదు, సీరమ్ ప్రయాణిస్తే చాలును. బయాప్సీకి, నిపుణుల సలహాకు తరువాత వెళ్ళవలసి రావచ్చును. అయితే అప్పటికి ఎందుకు వెళుతున్నామో తెలిసే వెళతాము.

శాంపిల్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గనిలో ఖనిజపు కుప్ప నుండి శాంపిల్ సరిగా తీయకపోతే ఎంత ఖరీదైన విశ్లేషణ యంత్రమైనా సరియైన అంకె ఇవ్వలేదు. అలాగే రక్తకణాలు పగిలి ఎర్రబారిన సీరమ్, ఎండలో గంటల కొద్దీ ఉన్న సీరమ్ ల్యాబరేటరీకి పనికిరావు. శాంపిల్‌తో పాటు రోగి వయసు, వాడుతున్న మందులు, వెనుకటి జ్వరాల వివరాలు రాసి పంపడం మేలు.

మందులు, మూలికలు

వాడుతున్న మందులు అన్నాము కనుక ఇంకొక మాట. కొన్ని మందులు ఆటో ఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన స్థితిని కలిగిస్తాయి. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకు వాడే నైట్రోఫ్యూరాంటోయిన్, మొటిమలకు వాడే మినోసైక్లిన్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. కోవిడ్ కాలంలో మన ఇళ్ళలో తిప్పతీగ కషాయం వాడకం ఎంతగా పెరిగినదో అందరికీ తెలుసు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో ఇటువంటి కాలేయ వ్యాధి లక్షణాలను వర్ణిస్తూ ఒక పత్రం ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ అభిప్రాయాన్ని ఖండించింది. ఈ వాదంలో తీర్పు చెప్పడానికి మేము తగము. కాని కషాయమైనా, పసరైనా, బలానికి మింగే మాత్రయైనా వైద్యునికి దాచకుండా చెప్పవలసినదే. దాచిన మాట వలన రోగ నిర్ధారణ తప్పుదారి పట్టగలదు.

చికిత్స ఉన్నది, ఓర్పు కావాలి

ఆటో ఇమ్యూన్ హెపటైటిస్‌కు ప్రెడ్నిసొలోన్, అజథయోప్రిన్ అనే పాత మందులే నేటికీ ప్రధానమైనవి. 1971లో లండన్ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో ప్రెడ్నిసొలోన్ తీసుకున్న 22 మందిలో ముగ్గురు మరణించగా, తీసుకోని 27 మందిలో 15 మంది మరణించారు. ఒక మందు చేయగలిగిన మేలును ఇంతకంటే స్పష్టంగా చెప్పే అంకెలు అరుదు. ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్‌కు అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మందు దీర్ఘకాలం వాడతారు.

అయితే ఇదే ప్రెడ్నిసొలోన్‌ను కారణం తెలియకుండా వాడితే కీడు. హెపటైటిస్ బి ఉన్నవారిలో వైరస్ విజృంభించవచ్చును, దాగి ఉన్న క్షయ బయటపడవచ్చును. అందుకే ముందుగా ఆ పరీక్షలు చేస్తారు. ముఖం ఉబ్బడం, మధుమేహం, రక్తపోటు, ఎముకల బలహీనత వంటి ఇబ్బందులు స్టీరాయిడ్ వలన కలుగుతాయి. అజథయోప్రిన్ వాడేవారికి తెల్లకణాల లెక్క అప్పుడప్పుడు చూడవలసి ఉంటుంది. ఈ ఇబ్బందులకు విసిగి, కళ్ళు తెల్లబడగానే ‘ఇక నయమైంది’ అని సొంతంగా మందు ఆపివేయడం అన్నింటికంటే ప్రమాదం. సగంలో మానినవారిలో ఎక్కువమందికి జబ్బు తిరగబెడుతుంది. గర్భవతులైన స్త్రీలు కూడా భయపడి మానరాదు. మోతాదు తగ్గించడమా, మార్చడమా అన్నది వైద్యులు నిర్ణయించవలసినది.

మన కర్తవ్యం

గనులలో, వర్క్‌షాపులలో, కార్యాలయాలలో పనిచేసే మన సోదరులు తమ యంత్రాలకు లాగ్ పుస్తకం రాస్తారు. ఏ రోజు ఏ శబ్దం వచ్చినది, ఏ భాగం మార్చినది అందులో ఉంటుంది. ఇంట్లోని మనుషులకు మాత్రం అటువంటి పుస్తకం ఉండదు. పాత రిపోర్టులు బీరువా అడుగున పోతాయి. బదిలీ అయినప్పుడు చెత్తలో కలుస్తాయి. మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బును పట్టుకోవాలంటే ఆ పాత కాగితాలే ఆధారం. ఇంటిలోని ప్రతి ఒక్కరి పేర ఒక ఫైలు పెట్టి, రిపోర్టులను తేదీల వారీగా ఉంచమని మా విన్నపం.

కామెర్లు రెండవసారి వచ్చినా, ఆరు నెలలు దాటి కాలేయ ఎంజైములు పెరిగే ఉన్నా, వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చినా, కారణం తెలియని దురద విడవకున్నా, ఆ ఫైలుతో వైద్యుని వద్దకు వెళ్ళి యాంటీబాడీ పరీక్ష గురించి అడగండి. పాజిటివ్ వస్తే బెంబేలు పడవద్దు, నెగెటివ్ వస్తే మరచిపోవద్దు, ఇంటర్నెట్‌లో అర్థాలు వెతికి మందులు మొదలుపెట్టవద్దు. ముఖ్యంగా మన ఇళ్ళలో స్త్రీలు తమ నీరసాన్ని పనిభారం కింద జమకట్టి మౌనంగా ఉండిపోవడం అలవాటు. ఈ వ్యాధులు ఎక్కువగా వచ్చేది వారికే. వారు చెప్పుకోకున్నా, కళ్ళలోని పసుపును, ముఖంలోని అలసటను గమనించి ఆస్పత్రికి తీసుకువెళ్ళే బాధ్యత ఇంటిలోని మిగిలిన వారందరిదీ.